సైనిక కుటుంబాల్లో పిల్లల రక్షణకు తల్లిదండ్రుల శిక్షణ: నిర్వాహకులకు కొన్ని సూచనలు

అమెరికా సైనిక స్థావరాల్లో తల్లిదండ్రులకు శిక్షణ తరగతులు పెట్టదలచినవారు పాఠాలు ఎంచుకోవడానికి ముందు యూనిట్ (సైనిక దళం) యుద్ధ విధులకు ఎప్పుడు బయలుదేరుతుందో, ఎప్పుడు తిరిగి వస్తుందో తెలుసుకోవాలి. ఎందుకంటే పిల్లలకు ప్రమాదం ఏడాది పొడవునా ఒకే తీరుగా ఉండదు. పిల్లలపై దుర్వ్యవహారం నిర్ధారణ అయిన 1,771 సైనికుల కుటుంబాలను పరిశీలించి, 2007లో జామా వైద్య పత్రికలో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, సైనికుడు యుద్ధ విధుల్లో ఉన్న కాలంలో ఆ ఘటనల రేటు అతడు ఇంట్లో ఉన్న కాలం కంటే 42 శాతం ఎక్కువగా ఉంది. ఇంటి వద్ద ఉన్న, సైన్యంలో లేని తల్లుల విషయంలో అది మూడు రెట్లు దాటింది. ఆ తల్లుల విషయంలోనే పిల్లల పట్ల నిర్లక్ష్యం దాదాపు నాలుగు రెట్లయింది.

కాబట్టి మొదటి తరగతి ఇంట్లో మిగిలిపోయే తల్లి లేదా తండ్రి కోసమే ఉండాలి, అదీ యూనిట్ బయలుదేరక ముందే మొదలవ్వాలి. నిర్లక్ష్యానికి కారణం చాలాసార్లు ప్రేమ లేకపోవడం కాదు, ఒంటరితనమూ అలసటా. అందువల్ల ఉపన్యాసం కంటే తరగతి జరిగే గంటన్నరా పిల్లలను చూసుకునే ఏర్పాటు ఎక్కువ మేలు చేస్తుంది. అది లేకుంటే, సాయం ఎవరికి అత్యవసరమో వారే రాలేరు.

పసిపిల్లలున్న వారికి ఏడుపు గురించి విడిగా చెప్పాలి. శిశువుల ఏడుపు సాధారణంగా రెండో నెలలో తారస్థాయికి చేరి, తర్వాత క్రమంగా తగ్గుతుంది. ఓపిక నశించినప్పుడు బిడ్డను తొట్టిలో సురక్షితంగా పడుకోబెట్టి, కాసేపు పక్క గదిలోకి వెళ్లడం తప్పు కాదని, బిడ్డను పట్టి కుదపడం మాత్రం మెదడుకు ప్రాణాంతకమని బొమ్మతో చూపించి చెప్పాలి. స్థావరాల్లోని న్యూ పేరెంట్ సపోర్ట్ ప్రోగ్రామ్ ద్వారా నర్సులు, సామాజిక కార్యకర్తలు ఇంటికే వచ్చి నేర్పుతారు. చేరడం స్వచ్ఛందమే కనుక, గర్భవతిగా ఉన్నప్పుడే ఆ సంగతి చెప్పి పంపడం మంచిది.

సైనికుడు తిరిగి వచ్చాక రెండో దశ మొదలవుతుంది. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో రూపొందిన అడాప్ట్ కార్యక్రమం ఇందుకు తగినది. 14 వారాల పాటు బృందంగా సాగే ఈ శిక్షణలో ప్రోత్సహించడం, హద్దులు పెట్టడం, తన కోపాన్ని తానే గుర్తించడం వంటివి నటించి సాధన చేస్తారు. వచ్చిన వారంలోనే క్రమశిక్షణ బాధ్యత అంతా సైనికుడు చేతుల్లోకి తీసుకోకుండా, ఇంట్లో అప్పటికే నడుస్తున్న పద్ధతులను ముందు గమనించమని నేను గట్టిగా చెబుతాను.

ఇక అసలు అడ్డంకి భయం. తరగతికి వెళ్తే ఉద్యోగానికి ముప్పు వస్తుందని చాలామంది అనుకుంటారు. పిల్లలపై దుర్వ్యవహారం జరిగిందన్న అనుమానాన్ని సైన్యంలో కుటుంబ హింస కేసులను చూసే ఫ్యామిలీ అడ్వొకసీ ప్రోగ్రామ్‌కే కాక రాష్ట్ర శిశు సంక్షేమ విభాగానికీ తెలపాలని 2016లో చట్టం వచ్చింది. ఏ విషయం చెబితే ఆ నివేదిక తప్పనిసరో, ఏది తరగతి గది దాటి వెళ్లదో మొదటి రోజే సూటిగా వివరించాలి. దాచిపెడితే తర్వాత ఎవరూ నోరు విప్పరు. హాజరు పట్టీని కమాండరుకు పంపే అలవాటు కూడా పెట్టుకోకూడదు.

కుటుంబానికి మధ్యలో బదిలీ అయితే, వారి అనుమతితో, పూర్తయిన పాఠాల జాబితాను కొత్త స్థావరంలోని నిర్వాహకులకు అందజేసి, అక్కడి మొదటి తరగతి తేదీని వారు సామాను సర్దుకోకముందే చేతికివ్వాలి.