ఫైళ్లన్నీ పక్కాగా ఉన్నా ప్లాంట్‌లో ప్రమాదాలు ఆగడం లేదా? లోపం ఎక్కడుందో ఇలా చూడండి

జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ, అచ్యుతాపురం లాంటి చోట్ల ఫార్మా, కెమికల్ యూనిట్లలో సేఫ్టీ సిస్టమ్ పెడుతున్నవాళ్ల కోసం ఇది. ఐఎస్ఓ 45001 (పనిచేసే చోట భద్రతకి సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణం) సర్టిఫికెట్ వచ్చేసింది, అయినా ఏదో ఒకటి జరుగుతూనే ఉందంటే కింద చెప్పినవాటిలో ఒకటైనా మీ దగ్గర ఉండే ఉంటుంది.

సమస్య: నియర్ మిస్ (తృటిలో తప్పిన ప్రమాదాల) రిజిస్టర్ నెలల తరబడి ఖాళీ

ఇది చూసి మేనేజ్‌మెంట్ సంతోషిస్తుంది, నాకైతే భయమేస్తుంది. వందల మంది పనిచేసే చోట ఒక్క స్పానర్ కూడా పైనుంచి జారిపడలేదంటే నమ్మేదెలా?

కారణం: చెప్పినవాడికే మెమో ఇస్తున్నారు, లేదా చెప్పినా ఏమీ మారడం లేదు.

పరిష్కారం: రిపోర్ట్ చేసినవాళ్ల మీద చర్య ఉండదని ప్లాంట్ హెడ్ స్వయంగా షాప్‌ఫ్లోర్ మీదికి వచ్చి చెప్పాలి. వచ్చిన మొదటి నాలుగైదు ఫిర్యాదులు, చిన్నవైనా సరే, వెంటనే సరిచేసి ఎవరు చెబితే ఏం మారిందో నోటీసు బోర్డులో పెట్టండి. నోరు విప్పడం అప్పుడే మొదలవుతుంది.

సమస్య: ట్యాంకులోకి దిగడానికి పర్మిట్ (రాతపూర్వక అనుమతి) ఉంది, అయినా ట్యాంకులో మనిషి పడిపోయాడు

ప్రాణాలు పోయే పని ఇది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. పాత పర్మిట్లు ఒక పది తీసి పక్కపక్కన పెట్టండి. ఉదయం 9 గంటల ఆక్సిజన్ రీడింగ్, మధ్యాహ్నం 2 గంటల రీడింగ్ ఒకే ఇంకుతో, ఒకే చేతిరాతతో, అన్నీ 20.9 అని ఉన్నాయా? అయితే గ్యాస్ మీటరు మ్యాన్‌హోల్ దాకా వెళ్లలేదు.

కారణం: సంతకాలు ఆఫీసులో టేబుల్ మీద అయిపోతున్నాయి. ఒకే షిఫ్ట్‌లో ఒక్క ఇన్‌ఛార్జి ముప్పై పర్మిట్లు ఇవ్వాల్సివస్తే అతను మాత్రం ఏం చేస్తాడు, అది మనిషి తప్పు కాదు, పని పంచిన పద్ధతి తప్పు.

పరిష్కారం: సంతకం పెట్టేది పని జరిగే చోటే, మీటరు చేతిలో పట్టుకునే. హైడ్రోజన్ సల్ఫైడ్ గాలి కంటే బరువైనది, అడుగున పేరుకుంటుంది, కాబట్టి పైన, మధ్యలో, అడుగున మూడు చోట్లా చూడాలి. ఆక్సిజన్ 19.5 శాతం కంటే తగ్గితే దిగకూడదు. నైట్రోజన్ లైన్ వాల్వ్ మూస్తే సరిపోదు, బ్లైండ్ (పైపుని పూర్తిగా మూసే లోహపు బిళ్ల) వేయాలి, ఎందుకంటే నైట్రోజన్‌కి వాసన లేదు, ఒకటి రెండు శ్వాసలకే మనిషి కూలిపోతాడు. ఆ పడినవాణ్ని చూసి దూకే రెండో మనిషి కూడా పోతాడు. అందుకే బయట ఉండే మనిషి కదలకూడదు, దిగినవాడి బెల్టు తాడు అతని చేతిలోనే ఉండాలి.

సమస్య: ఇంటర్‌లాక్ (ప్రమాదం రాబోతే యంత్రాన్ని తనంతట తానే ఆపే ఏర్పాటు) బైపాస్‌లో ఉంది, అంటే పనిచేయకుండా చేసి పెట్టారు, ఎప్పటినుంచో ఎవరికీ తెలీదు

కారణం: ప్రొడక్షన్ టార్గెట్. అంతే.

పరిష్కారం: బైపాస్‌కి రాతపూర్వక అనుమతి, గడువు ఉండాలి, షిఫ్ట్ మారేటప్పుడు తప్పనిసరిగా చెప్పాలి. అలాగే మీరు కొలుస్తున్నది సరైన చోటేనా అన్నదీ చూసుకోండి. 2020 మే 7న విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్‌లో స్టైరీన్ (ప్లాస్టిక్ తయారీలో వాడే రసాయనం) ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. ఆ ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచింది అడుగున మాత్రమే, పైభాగం వేడెక్కుతున్న సంగతి తెలియలేదు. సైరన్ కూడా మోగించలేదని హైపవర్ కమిటీ తేల్చింది.

సమస్య: శిక్షణ ఇచ్చాం, కాంట్రాక్ట్ లేబర్‌కి మాత్రం ఏమీ తెలీదు

కారణం: శిక్షణ పర్మనెంట్ వాళ్లకి, ప్రమాదకరమైన పని కాంట్రాక్ట్ వాళ్లకి. పైగా ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవాళ్లకి ఇంగ్లిష్ స్లైడ్లు చూపించి సంతకం పెట్టించుకుంటున్నారు.

పరిష్కారం: హిందీ, ఒడియా, తెలుగు తెలిసిన సీనియర్ వర్కర్ చేతే చెప్పించండి. తర్వాత "గ్యాస్ వాసనొస్తే ఎటు పరిగెత్తాలి?" అని అడగండి, చేత్తో దారి చూపించగలిగితేనే గేట్ పాస్. సేఫ్టీ కమిటీలో వాళ్ల మనిషి ఒకరుండాలి.

మాక్ డ్రిల్ రాత్రి షిఫ్ట్‌లో, ముందు చెప్పకుండా పెట్టండి. అసెంబ్లీ పాయింట్‌లో తలల లెక్కని గేటు రిజిస్టర్‌తో పోల్చండి, మేస్త్రీ వెంట వచ్చినవాళ్లతో సహా. 2025 జూన్ 30న పాశమైలారం సిగాచీ ఫ్యాక్టరీలో పేలుడు తర్వాత ఆచూకీ తెలియనివాళ్ల లెక్క తేలడానికి రోజులు పట్టింది, కుటుంబాలు గేటు బయట ఎదురుచూస్తూ ఉండిపోయాయి. మీ డ్రిల్‌లో ఆ రెండు లెక్కలూ పది నిమిషాల్లో సరిపోకపోతే మిగతా ఆడిట్ పాయింట్ల కంటే ముందు దాన్నే పట్టుకోండి.