రైల్స్ ట్యూబ్‌తో ఆహారం ఇవ్వడం: ప్రతిసారీ చూసుకోవాల్సినవి

పక్షవాతం వచ్చి గొంతు పట్టుతప్పినవాళ్లకి, స్పృహ సరిగా లేనివాళ్లకి, గొంతు జబ్బుల వల్ల మింగలేనివాళ్లకి కొన్నాళ్లపాటు తిండి, నీళ్లు, మందులు అన్నీ ముక్కులోంచి కడుపులోకి వేసిన సన్నటి గొట్టం గుండానే వెళ్తాయి. దాన్నే వార్డులో రైల్స్ ట్యూబ్ అంటారు. సిరంజి తగిలించి పోయడమే కదా, ఇందులో ఏముంది అనిపిస్తుంది. కానీ గొట్టం కొన కడుపులో కాక ఊపిరితిత్తుల్లో ఉంటే పోసిన ఆహారం ప్రాణాల మీదికి తెస్తుంది. గట్టిగా దగ్గినా, వాంతి చేసుకున్నా, నిద్రలో చేత్తో లాగినా గొట్టం కదిలిపోవచ్చు. అందుకే పొద్దున చూశాం కదా అని మధ్యాహ్నం చూడకుండా ఉండకూడదు.

గొట్టం ఎక్కడుంది?

గొట్టం వేయడం శిక్షణ ఉన్న నర్సు లేదా డాక్టరు పని. ఇంట్లో ఊడివస్తే తిరిగి లోపలికి తోయకండి, ఆసుపత్రికి తీసుకెళ్లండి. వేసే ముందు ముక్కు కొన నుంచి చెవి తమ్మె దాకా, అక్కణ్నుంచి రొమ్ము ఎముక కింది కొస దాకా కొలుస్తారు. పెద్దవాళ్లలో ఇది సాధారణంగా 50–60 సెం.మీ. వస్తుంది. వేశాక ముక్కు రంధ్రం దగ్గర ఎన్ని సెంటీమీటర్ల గుర్తు కనిపిస్తోందో చార్టులో రాయాలి, అక్కడే మార్కర్‌తో గీత కూడా పెట్టాలి. ఆ తర్వాత ప్రతి ఫీడ్‌కి (గొట్టంలో ఆహారం పోయడానికి) ముందు మొదట చూడాల్సింది ఆ గీతనే. అది బయటికి జారి ఉంటే ఫీడ్ ఆపి నర్సుకి చెప్పండి. గీత కదలకపోయినా ఒకసారి నోరు తెరిపించి టార్చి వేసి చూడండి. గొట్టం గొంతులో చుట్టుకుని ఉంటే బయట గీత మామూలుగానే కనిపిస్తుంది.

తర్వాత 50 మి.లీ. సిరంజితో మెల్లగా వెనక్కి లాగి, వచ్చిన ద్రవాన్ని పిహెచ్ కాగితం మీద వేయాలి. ద్రవంలో ఆమ్లం ఎంతుందో అది అంకెలో చూపిస్తుంది, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువని. 5.5 లేదా అంతకన్నా తక్కువ చూపిస్తే కొన కడుపులో ఉన్నట్టు. నీలి లిట్మస్ కాగితాన్ని నమ్మకూడదు, ఊపిరితిత్తుల ద్రవానికీ కడుపు ద్రవానికీ తేడాని అది ఖాయంగా చెప్పలేదు. ఎసిడిటీ మందులు వాడుతున్నా, గంటలోపు ఫీడ్ ఇచ్చి ఉన్నా పిహెచ్ పెరిగి కనిపిస్తుంది. ద్రవం రాకపోతే రోగిని ఎడమ పక్కకి తిప్పి 15–30 నిమిషాలు ఆగి మళ్లీ లాగి చూడండి. అప్పటికీ రాకపోయినా, 5.5 దాటినా ఫీడ్ మొదలుపెట్టకుండా డాక్టరుకి చెప్పాలి, ఎక్స్‌రే అవసరం కావచ్చు.

గొట్టంలోకి గాలి కొట్టి, పొట్ట మీద స్టెతస్కోప్ పెట్టి గుడగుడ శబ్దం వినే అలవాటు ఇంకా చాలాచోట్ల ఉంది. దయచేసి దాని మీద ఆధారపడకండి. కొన ఊపిరితిత్తుల్లో ఉన్నా ఆ శబ్దం పొట్ట మీద వినిపించవచ్చు. గొట్టం చివరని నీళ్ల గిన్నెలో ముంచి బుడగలు చూడటం కూడా అంతే.

ఫీడ్ ఇచ్చే పద్ధతి

ముందు రోగిని కూర్చోబెట్టాలి. కూర్చోలేకపోతే మంచం తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తాలి. తల కింద ఒక్క దిండు పెడితే మెడ వంగుతుంది తప్ప ఛాతీ లేవదు, కాబట్టి నడుము దగ్గర్నుంచి ఎత్తు పెట్టండి. పడుకోబెట్టి పోస్తే కడుపులోది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది, దాంతో న్యుమోనియా వస్తుంది. గొట్టం సరిగ్గా ఉన్నా ఈ ఒక్క పొరపాటు చాలు.

చేతులు సబ్బుతో కడుక్కోండి. ఆహారం గోరువెచ్చగా, గొట్టంలోంచి జారేంత పల్చగా, వడకట్టి ఉండాలి. కలిపి ఉంచిన ఫీడ్ గది వేడిలో 4 గంటలు దాటితే పారేయండి.

గొట్టాన్ని వేళ్లతో నొక్కిపట్టి మూత తీయండి. లేకపోతే గాలి లోపలికి పోయి పొట్ట ఉబ్బుతుంది. పిస్టన్ తీసేసిన సిరంజిని తగిలించి, ముందు 30 మి.లీ. నీళ్లు పోసి, ఆ తర్వాత ఫీడ్ పోయండి. సిరంజిని పొట్ట కన్నా ఓ జానెడు ఎత్తులో పట్టుకుంటే దానంతటదే దిగుతుంది. వేగం ఎక్కువైతే కిందికి దించండి, ఆగిపోతే కాస్త పైకెత్తండి. తొందరపడి పిస్టన్‌తో తోయొద్దు. సిరంజిలో ఆహారం అడుగంటేలోపే మళ్లీ పోస్తుండాలి, మధ్యలో ఖాళీ అయితే గాలి పోతుంది. ఒకసారికి 200–250 మి.లీ. 15–20 నిమిషాల్లో దిగేలా చూడండి. రోజుకి ఎన్నిసార్లు, ఎంత అన్నది డైటీషియన్ చెప్పినట్టే. చాలా రోజులుగా తిండి లేని రోగికి ఒక్కసారిగా పూర్తి ఆహారం ఇస్తే రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం ప్రమాదకరంగా పడిపోతాయి, అలాంటివాళ్లకి కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలి.

అయ్యాక మళ్లీ 30 మి.లీ. నీళ్లు పోసి మూత బిగించండి. కనీసం 30–60 నిమిషాలు అదే ఎత్తులో ఉంచండి. పక్క మార్చడం, స్నానం, ఫిజియోథెరపీ అన్నీ ఫీడ్‌కి ముందే ముగించుకోవాలి.

ఫీడ్ మధ్యలో దగ్గు తెర వచ్చినా, ఆయాసం మొదలైనా, పెదాలు నీలంగా మారినా, వాంతి వచ్చినా వెంటనే గొట్టం నొక్కి ఆపేయండి. రోగిని పక్కకి తిప్పి నోరు శుభ్రం చేసి డాక్టరుని పిలవండి. కాస్త తగ్గింది కదా అని మిగిలింది పోయొద్దు. వెనక్కి లాగినప్పుడు కాఫీ పొడి రంగు ద్రవం గానీ ఎర్రటి రక్తం గానీ వస్తే ఫీడ్ ఇవ్వకూడదు, కడుపులో రక్తస్రావం అవుతుండవచ్చు.

మందులు, మూసుకుపోయిన గొట్టం

గొట్టం మూసుకుపోవడానికి పెద్ద కారణం సరిగా నలగని మాత్రలు. ఒక్కో మాత్రని విడిగా మెత్తటి పొడి చేసి 10–15 మి.లీ. నీళ్లలో కలిపి వేయాలి. రెండు మందుల మధ్య 10 మి.లీ. నీళ్లు పోయాలి. మందుని ఫీడ్‌లో కలపకూడదు. నెమ్మదిగా కరిగేలా చేసిన మాత్రల్నీ, పేగుల్లోనే కరిగేలా పైపూత వేసినవాటినీ నూరకూడదు. నూరితే మొదటి రకంలో రోజంతటి మోతాదు ఒక్కసారే ఒంట్లోకి పోతుంది, రెండో రకం కడుపులోనే పాడైపోతుంది. బదులుగా సిరప్ ఉందేమో ఫార్మసిస్టుని అడగండి. మూర్ఛకి వాడే ఫెనిటాయిన్ ఫీడ్‌తో కలిస్తే ఒంటికి పట్టదు, దానికీ ఫీడ్‌కీ మధ్య ఎంత వ్యవధి ఉండాలో డాక్టరు చెప్తారు.

మూసుకుపోతే గోరువెచ్చని నీళ్లు 30 మి.లీ. పెద్ద సిరంజిలో తీసుకుని మెల్లగా తోస్తూ, లాగుతూ కొన్ని నిమిషాలు ప్రయత్నించండి. చిన్న సిరంజి వాడితే ఒత్తిడి ఎక్కువై గొట్టం చిట్లుతుంది. లోపలికి తీగ దూర్చొద్దు. పుల్లటి రసాలూ, కూల్‌డ్రింకులూ పోయొద్దు, వాటితో పాలు విరిగి గట్టిపడి అడ్డం ఇంకా బిగుస్తుంది.

ముక్కు, నోరు, పొట్ట

టేపు రోజూ మార్చండి. మార్చేటప్పుడు ముక్కుపుటం లోపలి అంచు చూడండి. గొట్టం ఒకేచోట ఆనుకుంటే అక్కడ ముందు ఎర్రటి గీత పడుతుంది, పట్టించుకోకపోతే తెల్లబడి పుండవుతుంది. గొట్టం పైకి లాగినట్టు కాకుండా నేరుగా కిందికి వేలాడేలా అంటించి, మిగతా భాగాన్ని చెంప మీద ఇంకో టేపుతో ఆపితే బరువు ముక్కు మీద పడదు.

నోటితో తినడంలేదు కాబట్టి నోరు శుభ్రంగానే ఉంటుందనుకోవడం పొరపాటు. లాలాజలం తగ్గి నాలుక మీద పాచి కడుతుంది, అందులోని సూక్ష్మజీవులే ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. రోజుకి రెండుసార్లు మెత్తటి బ్రష్‌తో తోమి, మధ్యమధ్యలో తడిగుడ్డతో తుడిచి, పెదాలకి వాజ్‌లీన్ రాయండి.

విరేచనాలు పట్టుకుంటే ఫీడ్‌నే తప్పుపట్టకండి. యాంటీబయాటిక్సూ, తీపి కోసం సార్బిటాల్ అనే పదార్థం కలిపిన సిరప్‌లూ, నిల్వ ఉన్న ఆహారమూ, మరీ చల్లగా వేగంగా పోయడమూ కారణం కావచ్చు. ఫీడ్ ఎంత పోశారో, నీళ్లు ఎంత పోశారో, మూత్రం ఎంత వచ్చిందో రోజూ రాసి ఉంచితే డాక్టరుకి కారణం దొరుకుతుంది. మూత్రం చిక్కటి పసుపు రంగులో తక్కువగా వస్తుంటే నీళ్లు చాలడంలేదన్నమాట. పొట్ట బిగుసుకుపోయి గ్యాసు కూడా పోకపోతే ఫీడ్ ఆపి వెంటనే చూపించాలి.

మింగే శక్తి తిరిగి వచ్చిందని పరీక్షించాకే గొట్టం తీస్తారు. తీసేటప్పుడు గొట్టాన్ని గట్టిగా నొక్కిపట్టి, రోగిని ఊపిరి బిగపట్టమని చెప్పి ఒకే ఊపులో లాగాలి. నొక్కకపోతే లోపల మిగిలిన ద్రవం గొంతులో కారి పొలమారుతుంది.