ముందద్దం పగిలింది: షోరూమ్‌కి పోవాలా, ఆటోనగర్‌కా?

నాది రొయ్యల మేత అమ్మే ఉద్యోగం. ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు, కావలి, ఉలవపాడు, సింగరాయకొండ, కొత్తపట్నం అంటూ చెరువుల వెంబడి తిరగడమే పని. పొద్దున లేస్తే పదహారో నంబరు హైవే, నా ముందు టిప్పర్లు. నెల్లూరు దగ్గర కృష్ణపట్నం పోర్టు బండ్లు, ఒంగోలు దగ్గర చీమకుర్తి గ్రానైట్ బండ్లు. ఈ రోడ్డు మీద కారు నడిపేవాడికి అద్దం మీద రాయి పడటం వింతేమీ కాదు. పడ్డాక ఎక్కడికి పోవాలన్నదే తేలదు. మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు అద్దం పగిలినప్పుడల్లా నాకే ఫోన్ చేస్తారు. వాళ్ళకి చెప్పేదే ఇక్కడ రాస్తున్నా.

అసలు మార్చాలా అన్నది ముందు చూడండి. ముందద్దం ఒకే పలక కాదు. రెండు పలకల మధ్య పీవీబీ అనే పలుచటి ప్లాస్టిక్ పొర పెట్టి అతికిస్తారు, అందుకే పగిలినా ఊడి మీద పడదు. రాయి తగిలి పై పలక మీద ఐదు రూపాయల బిళ్ళ కంటే చిన్న మచ్చే పడితే, అది డ్రైవర్ కళ్ళ ఎదురుగానూ అద్దం అంచులోనూ లేకపోతే, రెసిన్ అనే జిగురు ఎక్కించి ఆపేయొచ్చు. కొన్ని వందలతో పోయే పని. మచ్చ పూర్తిగా మాయం కాదు, గీత సాగకుండా ఆగుతుంది, అంతే. షాపుకి పోయేలోపు దాని మీద పారదర్శకంగా ఉండే టేపు ముక్క అంటించండి, దుమ్మూ నీళ్ళూ దూరితే రెసిన్ పట్టదు. ఎండాకాలంలో మాత్రం రేపు చూద్దాంలే అనుకోకండి. రోహిణి కార్తెలో రోళ్ళే పగులుతాయంటారు, ఇంక అద్దమెంత? ఎండలో నిలబెట్టిన కారులో ఏసీ ఫుల్లుగా పెట్టి గాలి అద్దం మీదికి తిప్పితే చిన్న మచ్చ కూడా సాయంత్రానికి ఆ చివర నుంచి ఈ చివరికి గీతైపోతుంది. పక్కద్దాలు, వెనకద్దం మామూలుగా టఫెన్డ్ రకం, పగిలితే పలుకులే. వాటికి రిపేరు లేదు.

ఇక మార్చక తప్పదనుకుంటే, రియర్‌వ్యూ అద్దం వెనక, ముందద్దానికి ఆనుకుని కెమెరా ఉందేమో చూడండి. డ్రైవర్‌కి సాయపడే ఏడాస్ ఏర్పాటు ఉన్న క్రెటా, సెల్టోస్, ఎక్స్‌యూవీ 700, హోండా సిటీ లాంటి కార్లలో ఉంటుంది. దానంతట అదే బ్రేకు వేసేదీ, లైను దాటితే హెచ్చరించేదీ ఆ కెమెరా చూపుని బట్టే. అద్దం మార్చాక దాన్ని మళ్ళీ క్యాలిబ్రేట్ చేయాలి, అంటే దాని చూపు సరిచేయాలి. కెమెరా ఉంటే నేను రెండో ఆలోచన లేకుండా షోరూమ్‌కి పొమ్మంటాను. బుక్ చేసేటప్పుడే క్యాలిబ్రేషన్ ఇక్కడే చేస్తారా, దాని ఖర్చు ఎస్టిమేట్‌లో ఉందా అని అడగండి. పనయ్యాక రిపోర్టు కాగితం తీసుకోండి. కారు ఇంకా వారంటీలో ఉన్నా షోరూమే మేలు. రేపు నీళ్ళు కారినా తుప్పు పట్టినా బయట చేయించారు కదా అనే మాట రాదు.

కెమెరా లేదు, వారంటీ అయిపోయింది అంటే ఇన్సూరెన్స్ లెక్క చూసుకోవాలి. మనవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. షోరూమ్‌లో కౌంటర్ మీద కూర్చున్న అబ్బాయి "క్లెయిమ్ పెడదాం సార్, మీ జేబులోంచి వెయ్యి రూపాయలే" అంటాడు. ఆ మాట అబద్ధం కాదు. 1500 సీసీ లోపు కార్లకు మనం తప్పనిసరిగా భరించాల్సింది 1,000, అంతకు మించితే 2,000. అద్దానికి మామూలు పాలసీలో కూడా తరుగుదల పట్టరు. రబ్బరు, ప్లాస్టిక్ బీడింగులకు మాత్రం సగం కోస్తారు. గమ్ము, క్లిప్పులు కన్జ్యూమబుల్స్, అంటే వాడితే అయిపోయే సామాన్ల కింద పోతాయి, ఆ యాడాన్ (పాలసీకి అదనంగా తీసుకునే కవర్) లేకపోతే అవి మన ఖర్చే. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే ఇదేమీ రాదు.

అతను చెప్పనిది ఎన్‌సీబీ, అంటే నో క్లెయిమ్ బోనస్ సంగతి. క్లెయిమ్ లేకుండా ఏడాది గడిచిన కొద్దీ ఓన్ డ్యామేజ్ (మన కారు నష్టానికి కట్టే) ప్రీమియంలో 20, 25, 35, 45, చివరికి 50 శాతం తగ్గింపు వస్తుంది. ఒక్క క్లెయిమ్ పెడితే సున్నాకి పడిపోతుంది, మళ్ళీ 50కి ఎక్కడానికి ఐదేళ్ళు పడుతుంది. తగ్గింపుకు ముందు మీ ఓన్ డ్యామేజ్ ప్రీమియం 6,000, మీరు 50 శాతం దగ్గర ఉన్నారు అనుకోండి. మొదటి రెన్యువల్‌లో 3,000 పోతుంది, తర్వాత వరసగా 1,800, 1,500, 900, 300. మొత్తం 7,500. కారు పాతబడే కొద్దీ ప్రీమియం తగ్గుతుంది కాబట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది, అంతే. నా స్విఫ్ట్‌కి షోరూమ్‌లో అన్నీ కలిపి 9 వేల చిల్లర చెప్పారు, నెల్లూరు ఆటోనగర్‌లో 6,500. ఆరున్నర వేల కోసం ఏడున్నర వేలు పోగొట్టుకోవడమెందుకు? చేతి డబ్బులు పెట్టుకుని ఆటోనగర్‌లోనే వేయించాను. అద్దం ఖరీదే ముప్పై, నలభై వేలుండే పెద్ద కారైతే లెక్క తిరగబడుతుంది, క్లెయిమే లాభం. ఎన్‌సీబీ ప్రొటెక్ట్ యాడాన్ ఉన్నా, అద్దం క్లెయిమ్‌కి ఎన్‌సీబీ పోదనే క్లాజు మీ పాలసీలో ఉన్నా అంతే. క్లెయిమ్ పెట్టాలనుకుంటే పగిలిన అద్దం ఫొటోలు తీసి, కంపెనీకి చెప్పి, వాళ్ళు చూశాకే మార్పించండి. తీసేశాక చెబితే వినరు.

అద్దం సంగతికొస్తే, బయట దొరికేదంతా డూప్లికేట్ అనుకోవడం తప్పు. కారు కంపెనీలు అద్దాలు తయారు చేయవు. అసాహీ ఇండియా, సెయింట్ గోబైన్ లాంటివాళ్ళ దగ్గర కొంటాయి. అసాహీలో మారుతీకి వాటా కూడా ఉంది. అదే తయారీదారు అద్దం మీద కారు కంపెనీ లోగో పడితే షోరూమ్‌లో ఒక రేటు, లోగో లేకుండా బయటికొస్తే ఇంకో రేటు. (గూడూరు దగ్గర చిల్లకూరు, కోట వైపు తవ్వే తెల్ల ఇసుక పోయేది గ్లాస్ ఫ్యాక్టరీలకే. మన ఇసుక మనకే ఎంతకి తిరిగొస్తుందో చూడండి.) బయట షాపులో అద్దం పెట్టకముందే మూలన ఉండే ముద్ర చదవండి. తయారీదారు పేరు, లామినేటెడ్ అన్న మాట, ఐఎస్ 2553 ఉన్న ఐఎస్ఐ గుర్తు కనిపించాలి. ముందద్దం లామినేటెడే అయి ఉండాలని, 70 శాతం వెలుతురు లోపలికి రావాలని కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 100వ నియమం చెబుతుంది. ముద్ర లేని అద్దం ఎంత చవగ్గా ఇచ్చినా నాకొద్దు.

ముద్ర ఉన్నంత మాత్రాన మీ కారుకు సరిపోయే అద్దమని కాదు. ఒకే మోడల్‌లో కింది వేరియంట్‌కి మామూలు అద్దం, పై వేరియంట్‌కి చప్పుడు తగ్గించే అకూస్టిక్ అద్దమో, రెయిన్ సెన్సర్‌కి చోటున్న అద్దమో ఉంటుంది. బయట షాపువాడు తన దగ్గరున్నది పెట్టేస్తాడు, హైవే ఎక్కాక గాలి హోరు ఎక్కువైనట్టు అనిపిస్తుంది మీకు. అందుకని షోరూమ్ స్పేర్స్ కౌంటర్‌కి ఫోన్ చేసి చాసిస్ నంబరు చెప్పి పార్ట్ నంబరు, ధర కనుక్కోండి. కొనకపోయినా ధర చెబుతారు. బేరమాడటానికి అదే పనికొస్తుంది. మన ఊళ్ళో స్టాకు లేకపోతే మద్రాసు నుంచి తెప్పిస్తారు, ఒకటి రెండు రోజులు ఆగండి. ఉన్నదేదో వేసేయమని తొందరపెట్టకండి. కౌంటర్‌లో అద్దం మీరే కొని బయట వేయించాలనుకుంటే, బిగించేటప్పుడు పగిలితే ఎవరిదో ముందే మాట్లాడుకోండి. ఆ మాట తేలకపోతే అద్దం కూడా షాపువాడి చేతే తెప్పించండి.

ఇంత చెప్పాను గానీ, పని బాగుందా లేదా అన్నది తొంభై పాళ్ళు అద్దంలో లేదు, గమ్ములో ఉంది. ఇప్పటి కార్లలో ముందద్దం పాలీయురేథేన్ గమ్ముతో బాడీకి అతుక్కుని ఉంటుంది. కారు తిరగబడితే పైకప్పు అణగకుండా కొంత బలం అదే ఇస్తుంది. పక్క సీటు ఎయిర్‌బ్యాగ్ చాలా కార్లలో ఆ అద్దానికి తగిలి మనిషి వైపు తెరుచుకుంటుంది. అద్దం సరిగా అతక్కపోతే బ్యాగ్‌తో పాటు అద్దమూ ఎగిరిపోతుంది. మా బావమరిది కారుకి ఒకచోట చవగ్గా వేయించుకున్నాడు. కార్తీకమాసం వానలకు మ్యాట్ కింద నీళ్ళు చేరి కారంతా ముక్కిన వాసన. విప్పి చూస్తే అద్దానికి పూసింది గమ్ము కాదు, బాత్రూములకు వాడే సిలికాన్. అది పెట్టేటప్పుడు వెనిగర్ వాసన ఘాటుగా వస్తుంది. ఆ వాసన వస్తే అక్కడికక్కడే ఆపమనండి.

మంచి పని ఎలా ఉంటుందో చూడాలంటే బిగించేటప్పుడు పక్కనే నిలబడండి. షోరూమ్‌తో చిక్కేమిటంటే, కస్టమర్‌ని లాంజ్‌లో కూర్చోబెట్టి టీ ఇస్తారు, లోపలికి రానివ్వరు. పైగా ఒక షోరూమ్‌లో నేను గాజు తలుపులోంచి చూస్తే అద్దం పెడుతున్నది ఆటోనగర్ గ్లాస్ షాపు కుర్రాడే! పని అతనిదే, బిల్లు షోరూమ్‌ది. అందులో తప్పేమీ లేదు, కానీ షోరూమ్ అంటేనే చేయి మారిపోతుందని అనుకోవద్దు.

నేను పోయే షాపులో భాయ్ పని ఇలా ఉంటుంది. వైపర్లు, వాటి కింది ప్లాస్టిక్ గ్రిల్ విప్పుతాడు. డ్యాష్‌బోర్డు మీద దుప్పటి పరుస్తాడు. పాత గమ్ములోకి సన్న తీగ దూర్చి, ఒకడు లోపల ఒకడు బయట కూర్చుని, రంపంలా లాగుతూ చుట్టూ కోస్తారు. అద్దం లేచాక ఫ్రేమ్ మీద పాత గమ్మును మొత్తం గీకేయరు, మిల్లీమీటరో రెండో మందం సమంగా ఉంచుతారు, కొత్త గమ్ము దాని మీదే బాగా పట్టుతుంది. ఈ దశలో భాయ్ నన్ను పిలిచి, "చూడన్నా, ఇక్కడ తుప్పు మొదలైంది" అని కింది మూల చూపించాడు. చెరువు గట్ల మీద ఉప్పుగాలిలో తిరిగే కార్లకి ఇది మామూలే. అక్కడ గీకి, ప్రైమర్ కొట్టి, ఆరాకే ముందుకు పోవాలి. తుప్పు మీద అతికిస్తే గమ్ము తుప్పుతో పాటే ఊడొస్తుంది. "కానీయండి, ఏం కాదు" అనే షాపైతే అక్కడే తెలిసిపోతుంది. తర్వాత అద్దం అంచుకి నల్ల ప్రైమర్, దాని మీద ఎక్కడా తెగకుండా ఒకే ధారగా గమ్ము. ట్యూబు మీ ఎదురుగా కొత్తది తెరవాలి. ఎక్స్‌పైరీ తేదీ చదవండి, సికా లాంటి పేరున్నది అడగండి. అద్దాన్ని సక్షన్ కప్పులతో ఇద్దరు పట్టుకుని ఒక్కసారే దించాలి. పెట్టాక అటూ ఇటూ జరిపితే ధార చెదిరిపోయినట్టే.

దించాక డ్రైవర్ సీట్లో కూర్చుని ఎదురుగా ఉన్న కరెంటు స్తంభాన్ని చూస్తూ తల నెమ్మదిగా పక్కకు జరపండి. స్తంభం వంకర తిరుగుతూ కనిపిస్తే అద్దం నాసిరకం, అప్పుడే వెనక్కిచ్చేయండి. ఈ గమ్ము గాలిలో తేమతో గట్టిపడుతుంది, మన కోస్తా గాలి దానికి బాగా కలిసొస్తుంది. ఎంతసేపటికి కారు తీయొచ్చో ట్యూబు మీద రాసి ఉంటుంది, గంట నుంచి కొన్ని గంటల దాకా. నేను మాత్రం సాయంత్రం చేయించి రాత్రికి అక్కడే వదిలేస్తాను. కొత్త అద్దం కదలకుండా అంటించిన టేపు ఒక రోజు పీకకండి. ఒక కిటికీ వేలెడంత దించి ఉంచండి, తలుపులు గట్టిగా వేస్తే లోపలి గాలి కొత్త గమ్మును తోసేస్తుంది. రెండ్రోజులు ప్రెషర్ వాష్ వద్దు. తర్వాత ఇంట్లోనే పైపుతో నీళ్ళు పట్టి, లోపల చివర్లు చేత్తో తడిమి చూడండి. బిల్లు మీద అద్దం బ్రాండు, గమ్ము పేరు, లీకేజీకి ఎంతకాలం గ్యారంటీయో రాయించుకోండి. షోరూమ్ వాళ్ళు అడగకుండానే బిల్లిస్తారు. బయట అడిగి రాయించుకోవాలి, సిగ్గుపడక్కర్లేదు.

పాత అద్దంతో పాటు ఫాస్టాగ్ కూడా పోతుంది. పీకితే లోపలి చిప్పు తెగి పనికిరాకుండా పోతుంది, కాబట్టి జాగ్రత్తగా ఒలిచి కొత్త అద్దానికి అంటిద్దామని చూడకండి. అద్దం పగిలిన రోజే బ్యాంకు యాప్‌లో రీప్లేస్‌మెంట్ ట్యాగ్ అడగండి. అకౌంటు, బ్యాలెన్సు అవే ఉంటాయి, స్టిక్కరే కొత్తది. అది వచ్చేలోపు వెంకటాచలం, ముసునూరు, టంగుటూరు టోల్‌గేట్లు దాటాల్సి వస్తే యూపీఐతో కట్టండి. 2025 నవంబరు 15 నుంచి యూపీఐకి మామూలు టోలుకి ఒకటింబావు రెట్లు.