తుప్పు బుడగ మీద పుట్టీ రుద్దకండి

పాత కారు డోర్ అంచున పెయింట్ చిన్న బుడగలా ఉబ్బిందంటే, లోపల తుప్పు అంతకంటే ఎక్కువ దూరమే పాకి ఉంటుంది. ముందు స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా గుచ్చి చూడండి. దిగబడిపోతే ఇక పుట్టీతో పని కాదు, ఆ ముక్క కోయించి కొత్త రేకు వెల్డింగ్ చేయించాల్సిందే.

రేకు గట్టిగానే ఉంటే 80 నంబర్ ఎమరీ పేపర్‌తో తెల్లగా మెరిసేదాకా రుద్దండి. మచ్చ ఉన్నంత మేరే కాదు, చుట్టూ పెయింట్ బాగున్న చోటిదాకా. మాస్కు, కళ్ళద్దాలు తప్పనిసరి. ఎంత రుద్దినా సన్నని గుంటల్లో నల్ల చుక్కలు మిగులుతాయి, అసలు దొంగలు అవే. వాటికి రస్ట్ కన్వర్టర్ (మిగిలిన తుప్పును గట్టి పొరగా మార్చే ద్రవం) పూసి ఆరనివ్వండి. దాని మీద ఏ ప్రైమర్ పడుతుందో డబ్బా మీదే రాసి ఉంటుంది. ప్రైమర్ ఆరాకే పుట్టీ. నేనొకసారి తొందరపడి తుప్పు మీదే పుట్టీ పెట్టేశాను. ఒక్క వానాకాలం గడిచేసరికి అదే చోట మళ్ళీ బుడగ!

ఇంకోటి, డోర్ అడుగున నీళ్ళు కారిపోవడానికి సన్నని రంధ్రాలుంటాయి. మట్టితో పూడిపోతే నీళ్ళు లోపలే నిలుస్తాయి. సన్నని తీగతో పొడిచి శుభ్రం చేయండి, పెయింట్ గీసుకుపోకుండా.