గింజలతో గణాంకాలు – 3వ పాఠం: వరుసలు సమం చేస్తే సగటు

ఇంట్లో కరెంటు మీటరు రీడింగును రోజూ ఒకే వేళకు రాసుకోమని పోయిన పాఠంలో చెప్పాను. రాసినవాళ్ల దగ్గర ఇప్పుడు ఎనిమిది రీడింగులు ఉండాలి. ఏడు రోజుల లెక్కకు ఎనిమిది ఎందుకంటే, ఒక రీడింగులోంచి దాని ముందు రోజుది తీసేస్తేనే ఆ రోజు వాడకం వస్తుంది. మధ్యలో ఒక రోజు మరిచిపోతే రెండు రోజులకు కలిపి ఒకే అంకె మిగులుతుంది. దాన్ని "రెండు రోజులది" అనే రాసి ఉంచండి. చెరి సగం చేసి గడులు నింపకండి. మీరు చూడని అంకె ఒకటి పట్టికలో చేరితే, నెల తర్వాత అది చూసి రాసిందో ఊహించి రాసిందో మీకే తెలియదు.

రీడింగులు తీసుకోనివాళ్లు పాఠం కోసం నేను అల్లిన ఈ లెక్క వాడుకోండి. సోమ 5, మంగళ 4, బుధ 5, గురు 6, శుక్ర 4, శని 5, ఆది 13 యూనిట్లు. వెయ్యి వాట్ల పరికరం గంటసేపు నడిస్తే ఒక యూనిట్. ఆదివారం చుట్టాలొచ్చారు, ఏసీ ఆగకుండా నడిచింది అనుకోండి.

కావలసినవి 49 చింతగింజలు, ఒక సుద్దముక్క, కాస్త ఖాళీ నేల. ఫోన్ పక్కన పెట్టండి. ఎక్సెల్ మంచిదే, కానీ అది జవాబు చెప్పేస్తుంది. జవాబు ఎలా పుడుతుందో చూడనివ్వదు.

ముందు ఒక నిలువు గీత గీయండి. అక్కడి నుంచి రోజుకొక వరుస చొప్పున సమానమైన గడులు గీసి, గడికొక గింజ పెట్టండి. గింజకొక యూనిట్. గడులు తప్పనిసరి, ఎందుకంటే చింతగింజలన్నీ ఒకే సైజులో ఉండవు. పెద్ద గింజలు పడిన వరుస ఉన్నదానికంటే పొడుగ్గా కనిపిస్తుంది. వరుసలన్నీ ఆ గీత దగ్గరే మొదలవ్వాలి. ఇదే మీ మొదటి బార్ గ్రాఫ్. 42 గింజలు పడతాయి, ఏడు మిగులుతాయి.

ఇప్పుడు పొడుగు వరుసలోంచి గింజలు తీసి పొట్టి వరుసల్లో వేస్తూ అన్నిటినీ సమం చేయండి. ఆదివారం నుంచి ఏడు గింజలు కదలాలి. చివరికి ప్రతి వరుసలో ఆరు నిలుస్తాయి. అదే సగటు. కూడి భాగించమని బడిలో నేర్పింది ఈ పనినే. ఒక్కసారి చేత్తో చేస్తే సగటు ఎవరి దగ్గర తీసి ఎవరికి పెడుతుందో తెలుస్తుంది.

"ఈ ఇంట్లో రోజుకు 6 యూనిట్లు వాడతారు" అంటే నిజమేనా? పట్టిక చూడండి. ఆరు వాడింది గురువారం ఒక్కరోజే. ఐదు రోజులు అంతకంటే తక్కువే. ఒక్క ఆదివారం మొత్తాన్నీ పైకి లాగింది.

గింజల్ని మళ్లీ పట్టికలో ఉన్నట్టే సర్దండి. ఈసారి వరుసల్ని పొట్టి నుంచి పొడుగుకు మార్చి పెట్టండి: 4, 4, 5, 5, 5, 6, 13. సరిగ్గా నడిమిది, అంటే నాలుగోది, ఐదు. దీన్ని మధ్యగతం అంటారు. మిగిలిన ఏడు గింజలు కూడా ఆదివారం వరుసకే చేర్చి చూడండి. మొత్తం 49 అయింది, సగటు ఏడుకు పెరిగింది. మధ్యగతం మాత్రం ఐదు దగ్గరే ఉంది.

ఏది వాడాలి? అడిగే ప్రశ్నను బట్టి. బిల్లు అంచనా వేయాలంటే సగటే కావాలి, ఎందుకంటే ఆంధ్రప్రదేశ్‌లోనైనా తెలంగాణలోనైనా ఇళ్లకు నెలలో వాడిన మొత్తం యూనిట్లను బట్టే స్లాబులు పడతాయి. మొదటి లెక్క ప్రకారం వారాలన్నీ ఇలాగే గడిస్తే 30 రోజులకు 180 యూనిట్లు. మధ్యగతంతో గుణిస్తే 150 వస్తుంది, బిల్లు రాగానే టెన్షన్ మొదలవుతుంది. మామూలు రోజున ఇల్లు ఎంత వాడుతుందో తెలియాలంటే మాత్రం మధ్యగతాన్నే నమ్మండి. పేపర్లో "సగటు ఆదాయం" అని కనిపించినప్పుడల్లా, అందులో ఆదివారం లాంటివాళ్లు ఎవరున్నారని అడగాలి. మన పాఠాలన్నిటిలో నాకు బాగా ముఖ్యమనిపించే ప్రశ్న ఇది.

ఈ వారం పని: ఏడు రోజుల వాడకాన్ని పూసల దండగా గుచ్చండి. యూనిట్‌కొక పూస, రోజు ముగిసినచోట ఒక ముడి. ఏసీ వేసిన రోజు పూసలు ఒక రంగు, వేయని రోజువి ఇంకో రంగు. గుచ్చే ముందే ఏది దేనికి గుర్తో కాగితం మీద రాయండి. న్యూయార్క్‌లో ఉండే జార్జియా లూపి, లండన్‌లో ఉండే స్టెఫానీ పొసావెక్ అనే ఇద్దరు డిజైనర్లు ఇలాగే ఏడాది పాటు వారానికొకసారి తమ రోజువారీ లెక్కల్ని పోస్టుకార్డుల మీద బొమ్మలుగా గీసి ఒకరికొకరు పంపుకున్నారు. కార్డుకు ముందువైపు బొమ్మ, వెనకవైపు దాన్ని చదివే పద్ధతి.

దండ పూర్తయ్యాక మీ కాగితంతో సహా ఇంట్లో ఒకరికి ఇవ్వండి. మీరు నోరు విప్పకుండా ఏ రోజు ఎంత వాడారో వాళ్లను చెప్పమనండి. ఎక్కడ ఆగిపోయారో రాసుకోండి, నాలుగో పాఠం అక్కడి నుంచి మొదలుపెడదాం.