చలికాలంలో తులసికి సాయంత్రం నీళ్లు వద్దు

డిసెంబరు వచ్చిందంటే హనుమకొండలో మా పెరటి తులసి నల్లబడి ఆకు రాల్చేది. నీళ్లు చాలడం లేదనుకుని సాయంత్రం ఇంకో చెంబు పోసేదాన్ని. అదే పొరపాటు. చలిలో మొక్క నీళ్లు తక్కువగా తీసుకుంటుంది. రాత్రంతా తడిసి ఉన్న మట్టిలో వేరు కుళ్లిపోతుంది.

ఇప్పుడు ఎండ పడ్డాక, ఉదయం 8 దాటాకే పోస్తున్నాను. అదీ రోజూ కాదు. ముందు చూపుడువేలు రెండు కణుపుల లోతు మట్టిలోకి దించి చూడండి. వేలికి తడి మట్టి అంటుకుంటే ఆ రోజుకు నీళ్లు వద్దు. బాగా చలి ఉన్న రాత్రుల్లో పాత నూలు చీర ముక్క కప్పి, పొద్దున్నే తీసేయండి. ప్లాస్టిక్ సంచి మాత్రం కప్పకండి, లోపల చెమ్మ పట్టి ఆకు పాడవుతుంది. పూల వెన్నులు ఎండేదాకా ఉంచకుండా గిల్లేస్తే మొక్క బలం విత్తనాలకు పోకుండా చిగుళ్లకు అందుతుంది.

కరివేప కూడా ఈ రెండు నెలలు పెద్దగా చిగురు వేయదు. చచ్చిపోతోందని కంగారుపడి ఎరువు కుమ్మరించకండి, పాపం, అది విశ్రాంతి తీసుకుంటోంది. ఫిబ్రవరిలో కొమ్మల కొసలు కత్తిరించి, మాగిన పశువుల ఎరువు రెండు గుప్పెళ్లు వేయండి.

రాలిన ఆకులను తగలబెట్టకుండా బంతి, చామంతి పాదుల్లో పరవండి. కాండానికి నాలుగు వేళ్ల ఎడం వదలండి.