కారు ఇంజన్‌లో టిక్ టిక్: హెడ్డు విప్పించే ముందు ఏమేం చూసుకోవాలి?

బానెట్ కింద టిక్ టిక్ మొదలైందని షెడ్డుకు తీసుకెళితే ముందుగా వినిపించే మాట "టాపెట్ కొడుతోంది సార్" అనే. ఇంజన్ పైభాగమైన హెడ్డులో, గాలి, పొగ దారులను తెరిచి మూసే వాల్వ్‌లను నొక్కే భాగం టాపెట్. అదే కావచ్చు. ఆయిల్ తగ్గి ఉండొచ్చు, పొగ గొట్టం అతుకులో ఉండే ఎగ్జాస్ట్ ప్యాకింగ్ పోయి ఉండొచ్చు, స్పార్క్ ప్లగ్ వదులై ఉండొచ్చు. కొన్నిటికి వందల్లో తేలిపోతుంది, కొన్నిటికి వేలు వదులుతాయి. శబ్దం ఎలా ఉందో నోటితో చేసి చూపించడం కన్నా ఎప్పుడొస్తోందో చెప్పగలిగితే సగం పని అయినట్టే. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడా, వేడెక్కాకా? బండి నిలబడినప్పుడు కూడా వస్తోందా? రెండు రోజులు గమనించి రాసి పెట్టుకోండి.

1. అసలు ఇంజన్‌దేనా?

చీమకుర్తి వైపు గ్రానైట్ లారీలు తిరిగే రోడ్ల మీద వెళ్లొచ్చాక మొదలైతే ముందు టైర్లు చూడండి. టైరు గాడిలో ఇరుక్కున్న కంకర రాయి బండి వేగంతో పాటే టకటకలాడుతుంది, బండి ఆగితే ఆగిపోతుంది. న్యూట్రల్‌లో పెట్టి రేస్ ఇచ్చినప్పుడు శబ్దం రాకపోతే చాలావరకు ఇంజన్ జోలికి పోనక్కర్లేదు. రాయయితే స్క్రూడ్రైవర్‌తో తీసేయండి. గుచ్చుకున్న మేకు అయితే మాత్రం పీకకుండా పంక్చర్ షాపు దాకా అలాగే మెల్లగా పోనివ్వండి.

2. ఆయిల్

నడుస్తుండగా ఎర్రటి ఆయిల్ గుర్తు వెలిగిందా, "కావలి దాకా లాగిద్దాంలే" అనుకోవద్దు. పక్కకు తీసి ఇంజన్ ఆపేయండి. జాతీయ రహదారి మీద ఉంటే సాయానికి 1033కు ఫోన్ చేయొచ్చు.

లైటు వెలగకపోయినా ఆయిల్ చూడాల్సిందే. బండిని సమమైన నేల మీద నిలిపి, ఇంజన్ ఆపి పది నిమిషాలు ఆగండి. డిప్‌స్టిక్ తీసి గుడ్డతో తుడిచి, మళ్లీ పూర్తిగా దించి తీయండి. రెండు గుర్తుల మధ్య ఉంటే చాలు. కింది గుర్తుకు దిగితే అదే గ్రేడ్ ఆయిల్ పావు లీటరు పోసి, కాసేపాగి మళ్లీ చూడండి. పై గుర్తు దాటనివ్వకండి. ఆయిల్ ఎక్కువైతే ఇంజన్ అడుగున తిరిగే క్రాంక్ దాన్ని నురగలా చిలికేస్తుంది, గాలి బుడగలు టాపెట్లలో చేరి మళ్లీ అదే టిక్ టిక్.

రోహిణి కార్తె ఎండలకు చిక్కటి ఆయిల్ పోయించమని సలహా ఇచ్చేవాళ్లు మన దగ్గర చాలామంది. నేను ఒప్పుకోను. బయట ఎండ ఎంతున్నా, వేడెక్కిన ఇంజన్‌ను దాదాపు 90 డిగ్రీల దగ్గర నిలబెట్టే ఏర్పాటు బండిలోనే ఉంది. చిక్కటి ఆయిల్ శబ్దాన్ని కప్పుతుందేమో గానీ, పొద్దున స్టార్ట్ చేయగానే హెడ్డు దాకా ఎక్కడానికి ఎక్కువసేపు తీసుకుంటుంది. బండి పుస్తకంలో ఉన్న గ్రేడే పోయండి.

స్టార్ట్ చేసిన రెండు మూడు సెకన్లే వచ్చి ఆగిపోతుంటే ఆయిల్ ఫిల్టర్‌ను అనుమానించాలి. ఆయిల్ రాత్రికి రాత్రి కిందకు జారిపోకుండా చాలా ఫిల్టర్లలో ఒక చిన్న వాల్వ్ ఉంటుంది. నాసిరకం ఫిల్టర్లో అది సరిగా మూసుకోదు.

3. చెవి పెట్టి వినడం

ఆరుబయట, హ్యాండ్‌బ్రేక్ వేసి, న్యూట్రల్‌లో ఇంజన్ ఆన్ చేయండి. తువ్వాలు, చున్నీ, వేలాడే గొలుసు ఏవీ ఒంటి మీద ఉండకూడదు. రేడియేటర్ ఫ్యాన్ ఎప్పుడు తిరుగుతుందో చెప్పలేం. పొడవాటి స్క్రూడ్రైవర్ కొనను బెల్టుకు, పుల్లీలకు దూరంగా ఒక్కోచోట ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకోండి.

ఇంధనం చిమ్మే ఇంజెక్టర్ల దగ్గర సన్నగా, ఒకే లయలో వినిపిస్తే అది వాటి మామూలు చప్పుడే. పై కవర్ దగ్గర గట్టిగా ఉంటే టాపెట్లు. వాల్వ్‌లను తెరిచే క్యామ్‌షాఫ్ట్ తిరిగేది క్రాంక్‌లో సగం వేగంతో కాబట్టి, 800 ఆర్‌పీఎం దగ్గర ఒక్క వాల్వ్ సెకనుకు ఆరేడుసార్లు కొడుతుంది. అదే కింద నుంచి బరువుగా ఠక్ ఠక్‌మంటూ, రేస్ ఇస్తే పెరుగుతుంటే పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ బేరింగ్ కావచ్చు. ఇక ఆ బండి నడపకండి. క్రేన్ ఖర్చుకు చూసుకుంటే ఇంజనే పోతుంది.

4. ఎగ్జాస్ట్, ప్లగ్‌లు

చల్లగా ఉన్నప్పుడు వచ్చి, గేరు వేసి లాగితే పెరిగి, వేడెక్కాక తగ్గిపోతే ఇంజన్ నుంచి పొగను బయటికి తెచ్చే ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ లీకు. లోహం వేడికి వ్యాకోచించి సందు మూసుకుంటుంది. ప్యాకింగ్ చుట్టూ నల్లటి మసి ఉందేమో, దాన్ని బిగించే స్టడ్ విరిగిందేమో చూడండి. పొగ లోపలికి వస్తుంటే అద్దాలు దించి నడపండి, బాగుచేయించడం వాయిదా వేయకండి.

ప్లగ్ వదులైతే టిక్‌తో పాటు ఫుస్‌మనే గాలి శబ్దం కూడా ఉంటుంది. ఇంజన్ చల్లారాకే బిగించాలి, అదీ పుస్తకంలో చెప్పినంతే. అల్యూమినియం హెడ్డులో మరలు తేలిగ్గా చెడతాయి.

5. టాపెట్లే అని తేలితే

మీ ఇంజన్‌లో ఉన్నవి ఆయిల్‌తో పనిచేసే హైడ్రాలిక్ టాపెట్లా, వాల్వ్ దగ్గరి సందును చేత్తో సరిచేయాల్సినవా అడగండి. హైడ్రాలిక్‌వి అయితే ముందు ఆయిల్, ఫిల్టర్ మార్చి కొన్ని వందల కిలోమీటర్లు తిప్పి చూడొచ్చు. రెండో రకానికి సందు కొలిచే సన్నటి రేకుల ఫీలర్ గేజితో కొలత పెట్టాలి. చాలా బళ్లకు ఇది చల్లటి ఇంజన్ మీదే చేయాలి.

"సౌండు పోయేదాకా బిగించెయ్యి" అని మాత్రం అనకండి. సందు మరీ తగ్గితే వాల్వ్ పూర్తిగా మూసుకోదు, కాలిపోతుంది, అదీ ఏ చప్పుడూ లేకుండా. సీఎన్‌జీ బళ్లలో వాల్వ్ సీటు అరిగి సందు దానంతటదే తగ్గుతుంటుంది. అందుకే వాటికి శబ్దం లేకపోయినా పుస్తకంలో చెప్పిన గడువుకు కొలత చూపించాలి.

పని అయ్యాక సాయంత్రమే వేడి ఇంజన్ వినిపించి "చూడండి, పోయింది" అంటే డబ్బు మొత్తం ఇచ్చేయకండి. బండిని ఆ రాత్రికి అక్కడే వదిలి, పొద్దున్నే వెళ్లి మెకానిక్ ఎదురుగా మీరే స్టార్ట్ చేసి వినండి.